పదిహేడో బుట్ట దగ్గర

బాన్సువాడ నుంచి బీర్కూర్ వెళ్లే బస్సులో ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చుంటే, కాలువ దాటిన కాసేపటికి ఒక పెద్ద రేకు బోర్డు కనబడుతుంది. దాని మీద స్థలం తాలూకు పెద్దాయన పేరుంది. ఆయన కొడుకు పేరుంది. నమూనా గీసిచ్చిన బెంగళూరు మనుషుల పేర్లున్నాయి. మొక్కలు ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి. ప్రారంభం రోజున కారు దిగి, కొబ్బరికాయ కొట్టి, పావుగంటలో వెళ్లిపోయిన ఒక పెద్దమనిషి పేరు కూడా ఉంది. కొబ్బరికాయ కొట్టినందుకు! నాలుగు నెలలు ముళ్లలో కూర్చుని, కత్తి పట్టి, ఆ అడవిలో పద్దెనిమిది దారులు తెరిచిన మనిషి పేరు మాత్రం ఆ బోర్డు మీద ఎక్కడా లేదు.

ఆ మనిషి పేరు కృప. ఇది ఆమె కథ. చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెరుగుతుంది, వినేవాళ్లు సర్దుకోవాలి.

కృపకు నలభై ఆరేళ్లు. పుట్టింది బిచ్కుంద దగ్గర. పదిహేడేళ్లప్పుడు ఇమ్మానుయేలును చేసుకుని ఈ చెరువు కింది ఊరికి వచ్చింది. ఇమ్మానుయేలు నాట్ల కాలంలో నారు పీకి, మోసుకొచ్చి, కట్టలు మళ్లలోకి విసిరేవాడు. పెళ్లయిన ఎనిమిదో ఏట చెరుకు ట్రాక్టరు మీంచి పడి నడుం పోగొట్టుకున్నాడు. మంచం మీంచి లేచాడు గానీ బరువు ఎత్తలేకపోయాడు. ఆ ఏడాది నారు మోసే మనిషి దొరక్క ఊరి పటేలు మళ్లలో నాట్లు ఆగిపోతే, కృప కొంగు బిగించి ఒడ్డెక్కింది. ఆడది నారు విసరడమేమిటని మగవాళ్లు నవ్వారు. నాలుగు రోజుల తర్వాత ఒక్కడూ నవ్వలేదు.

నారు కట్ట విసరడం చూడ్డానికి ఏమీ కాదనిపిస్తుంది. మడిలో పదిహేను మంది ఆడవాళ్లు నడుం వంచి వెనక్కి వెనక్కి జరుగుతూ నాటు వేస్తుంటారు. ఒకరి చేతిలో నారు అయిపోయే వేళకు, చెయ్యి వెనక్కి చాపితే అందేంత దూరంలో ఇంకో కట్ట ఉండాలి. ముందు పడితే వేసిన నాటు చితికిపోతుంది. దూరం పడితే మనిషి లేచి నడవాలి, వరుస చెదిరిపోతుంది. వీపు మీద పడిందా, ఇక తిట్లే తిట్లు. అందుకని ఒడ్డు మీద నిలబడి, గాలి ఎటు ఉందో చూసుకుని, మణికట్టు దగ్గర చిన్న మలుపిచ్చి వదలాలి. కట్ట తిరుగుతూ వెళ్లి, వేళ్లు కిందికయ్యేలా బురదలో కూర్చోవాలి. కృప విసిరితే అది కూర్చునేది. ఎప్పుడైనా ఒక కట్ట తప్పి నీళ్లలో పడితే, దగ్గరున్నవాళ్లు తీసి, బురద కడిగి, కావలసినవాళ్ల చేతికి అందిస్తారు. ఎవరి కట్ట అని ఎవరూ అడగరు. అందించినవాళ్లకు థాంక్సు కూడా ఎవరూ చెప్పరు. మడిలో పద్ధతి అది.

ఇరవై ఏళ్లు ఆ ఒడ్ల మీద ఆమె కట్టలు విసిరింది. ఇరవై ఏళ్లూ పటేలు ఇంట్లో ఆమెను పిలిచింది "ఇమ్మానుయేలు పెండ్లాం" అనే. ఆమెకు పేరు లేదనుకున్నారేమో. పేరున్న కాగితాలు ఆమె దగ్గర రెండు మూడు ఉన్నాయి, మడతపెట్టి ట్రంకు పెట్టెలో అడుగున దాచుకుంది. నలుగురికీ కనబడే చోట ఆ పేరు ఎవరూ ఎప్పుడూ రాయలేదు.

పటేలు కొడుకు దేవిదాస్ బెంగళూరులో ఆరేళ్లు ఉద్యోగం చేసి, కరోనా రోజుల్లో ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వస్తూ వస్తూ ఒక ఆట పట్టుకొచ్చాడు. చెరువు ఒడ్డున వాళ్లకు పన్నెండెకరాల చెట్ల బీడు ఉంది. టేకు, మోదుగ, సీతాఫలం పొదలు, నీళ్ల అంచున నల్లమద్ది చెట్లు, మధ్యలో మనిషి దూరలేనంత సర్కారు తుమ్మ. అక్కడ పద్దెనిమిది చోట్ల ఇనుప గుంజలు పాతించి, ఒక్కో గుంజకు ఒక బుట్ట, బుట్ట పైన వేలాడే గొలుసులు పెట్టించాడు. దూరం నుంచి గుండ్రటి ప్లాస్టిక్ డిస్కు విసురుతూ, అది ఎక్కడ పడితే అక్కడి నుంచి మళ్లీ విసురుతూ, చివరికి ఆ బుట్టలో వేయాలి. ఎవరు తక్కువ విసుర్లలో పద్దెనిమిది బుట్టలూ పూర్తి చేస్తే వాళ్లది గెలుపు. చెప్పడానికి ఇంతే. ఆడబోతే ప్రతి చెట్టూ శత్రువే. ఏడో బుట్టకు టేకు చెట్ల నడుమ ఉన్న సందు రెండు బారల వెడల్పు ఉండదు. పదకొండో బుట్ట దిగువన, చెరువు వైపు. కొంచెం బలం ఎక్కువైతే డిస్కు నీళ్లపాలు. పదిహేడోది ఇంకా మహానుభావురాలు. చెరువు ఒక పాయగా లోపలికి చొచ్చుకొచ్చిన చోట, నీళ్ల అంచు వెంబడి వంపు తిరిగి వెళ్లాలి.

ఊరివాళ్లు దానికి చిప్పలాట అని పేరు పెట్టారు. దారులు నరకడానికి కృపను పెట్టుకున్నారు. నరికాక ఊడ్చేందుకూ, నీళ్లలో పడ్డ డిస్కులు తీసేందుకూ ఆమెనే ఉంచుకున్నారు. శనివారాలూ ఆదివారాలూ హైదరాబాద్ నుంచి, నిజామాబాద్ నుంచి ఆటగాళ్లు కార్లలో వచ్చేవాళ్లు. వాళ్ల డిస్కులు చెరువులోకి వెళ్లేవి. "కృపా!" అని దేవిదాస్ ఒక కేక వేసేవాడు. తనకంటే పన్నెండేళ్లు పెద్దదైన మనిషిని అక్కా అనడానికి ఆ పిల్లగాడికి నోరు రాదు. ఆమె చీర మోకాళ్ల దాకా దోపుకుని నీళ్లలోకి దిగేది. పాదాలతో తడిమి, వంగి తీసి, బురద కడిగి, కొంగుతో తుడిచి ఇచ్చేది.

ఒక రోజు నడుంలోతు నీళ్లలోంచి ఒడ్డుకు రావడం ఎందుకని, తీసిన డిస్కును అక్కడి నుంచే విసిరింది. అది యాభై అడుగులు నేలబారుగా వచ్చి, దేవిదాస్ కాలి ముందు చప్పుడు లేకుండా పడింది. అతను నోరు తెరిచాడు.

"అరే కృపా! గిట్ల విసురుడు యాడ నేర్సినవ్?"

"మీ మళ్లల్లనే పటేలా."

ఉన్నమాట దాచకూడదు. దేవిదాస్ ఆ రోజు నిజంగా సంతోషపడ్డాడు. పాత డిస్కులు రెండు ఇచ్చాడు, ఒకటి దూరం పోయేది, ఒకటి దగ్గర నుంచి బుట్టలో వేసేది. ఎక్కడ నిలబడాలో, పాదం గీత దాటితే ఏమవుతుందో, నీళ్లలో పడితే ఒక విసురు ఎలా కలుపుతారో అన్నీ చెప్పాడు. అన్నీ అని ఆమె అనుకుంది.

ఇమ్మానుయేలు మాత్రం ఇంట్లో ఏడిపించేవాడు.

"నలభై దాటినంక చేతికి చిప్ప వచ్చె. ఇగ ఊరు మీద పడి అడుక్కతినుడే తక్వ."

"నీ కంచంల బువ్వ పెడుతున్నది గీ చెయ్యే. జర నోరు మూస్కోని తిను" అనేది కృప.

అంటూనే పొద్దున ఊడ్చే పని అయ్యాక ఒక్కో బుట్టకు వంద సార్లు విసిరేది. గాలి చెరువు మీంచి వస్తే ఎంత ఎడమకు వదలాలో, ఆకు రాలిన టేకు కొమ్మల్లోంచి ఎలా దూర్చాలో రెండేళ్లలో ఆమె చేతికి తెలిసిపోయింది. ఆటగాళ్లు చెట్ల మీద చిరాకుపడేవాళ్లు. ఆమెకు చెట్లతో తగాదా లేదు, ప్రతిదాని మొదలూ తనే ఊడ్చింది.

ఆ రేకు బోర్డు కింది భాగంలో 'విజేతలు' అని రాసి, గీతలు కొట్టిన వరుసలు ఉన్నాయి. ఏటా జనవరి ఇరవై ఆరున జెండా వందనం అయ్యాక పోటీ పెడతారు, గెలిచినవాళ్ల పేరు ఆ రోజే పెయింటుతో రాయిస్తారు. మొదటి వరుసలో హైదరాబాద్ క్లబ్బు శివప్రసాద్ పేరుంది. రెండో వరుసలో దేవిదాస్ పేరుంది. మూడో వరుస ఖాళీ. రోజూ గేటు తాళం తీసేటప్పుడు కృప ఆ ఖాళీ వరుసను చూసేది. ఆడా మగా తేడా లేదు, ఎవరైనా ఆడొచ్చని కాగితం మీద రాసి అంటించారు. ఆమె దేవిదాస్ దగ్గరికి వెళ్లి, "నా పేరు గూడ రాస్కో పటేలా" అంది. అతను నవ్వి రాసుకున్నాడు. ఆ నవ్వు ఏ రకం నవ్వో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ ఇమ్మానుయేలుతో అసలు మాట చెప్పింది.

"నాకు కప్పు వద్దు, శాలువ వద్దు. గా బోర్డు మీద నా పేరు ఎక్కాలె. బీర్కూర్ బస్సుల పోయేటోళ్లందరు సదవాలె."

ఇమ్మానుయేలు ఆ రాత్రి మాత్రం ఏడిపించలేదు.

జనవరి ఇరవై ఆరు వచ్చింది. యాసంగి నాట్లు ఇంకా నడుస్తున్నాయి. నెల రోజులుగా కట్టలు విసిరి విసిరి ఆమె చెయ్యి మంచి కాకమీద ఉంది. ఇరవై నాలుగు మంది ఆటగాళ్లు వచ్చారు. అందరికీ రంగు రంగుల బూట్లు, వీపున డిస్కుల సంచులు. కృపకు రెండు డిస్కులు, ఒక బియ్యం సంచి. చెప్పులు మొదటి బుట్ట దగ్గరే విడిచి, పొలంలోకి వెళ్లినట్టు ఉత్త కాళ్లతో నడిచింది. ముగ్గురేసి కలిసి ఆడుతూ తిరగాలి, ఆమెతో దేవిదాస్, శివప్రసాద్ పడ్డారు. శివప్రసాద్ ఆడుతూనే నియమాలు చూసే పెద్ద కూడా. విసుర్లు రాసుకోవడానికి బాన్సువాడలో డిగ్రీ చదివే ప్రవళిక వచ్చింది.

మొదట్లో వాళ్లు ఆమెను చూసి మురిశారు. "సూపర్ అమ్మా" అన్నాడు శివప్రసాద్, మూడో బుట్ట దగ్గర. ఏడో బుట్టకు టేకు సందులోంచి ఒక్క విసురులో దూర్చి, రెండో విసురులో గొలుసులు గలగలమనిపించేసరికి సూపర్లు ఆగిపోయాయి. శివప్రసాద్ తుమ్మల్లో చిక్కి వెనకబడ్డాడు. పదకొండో బుట్ట దగ్గర దేవిదాస్ డిస్కు కనబడకుండా పోతే, "కృపా, యాడ పడ్డదో జర చూడవే" అన్నాడు. ఆమె వెళ్లి పొదలు విడదీసి, "గీడున్నది" అని చూపించింది. పోటీలో ఉన్నానన్న సంగతే ఆమె మరిచిపోయింది. అతనూ మరిచిపోయాడు. వెతికిపెట్టే మనిషిగా ఆమె వాళ్లిద్దరికీ అంతగా అలవాటైపోయింది.

పదహారు బుట్టలు అయ్యేసరికి కృప దేవిదాస్ కంటే ఒక విసురు ముందుంది. మిగతావాళ్లంతా ఎక్కడో వెనక. ప్రవళిక చీటీ చూసి, కృప చెవిలో చిన్నగా చెప్పింది.

"కృపక్కా, ఇంక రెండే. నువ్వే ముందున్నవ్."

 కృపకు మూడో వరుస కళ్ల ముందు కనబడింది.

ఇక పదిహేడో బుట్ట. కృప మొదటి విసురు అంచు వెంబడి వంపు తిరిగి చక్కగా దారి మధ్యలో పడింది. దేవిదాస్ మొదటిది కూడా బాగానే పడింది. శివప్రసాద్‌ది లాంటానా పొదల్లోకి వెళ్తే, అతను వెనక వెతుక్కుంటూ ఉండిపోయాడు. ప్రవళిక చెప్పులో ముల్లు దిగి, ఒక చెట్టు చాటున కూర్చుని పీక్కుంటోంది. అప్పుడు దేవిదాస్ రెండో విసురు వేశాడు. డిస్కు వెళ్లి నల్లమద్ది బోదెకు టప్పున తగిలి, పక్కకు తిరిగి, నీళ్లలో పడింది. అంచు నుంచి మూరెడు లోపల. నీళ్లు చిందిన చప్పుడు కృప విన్నది. పది అడుగుల దూరంలో ఉన్న దేవిదాస్ వినలేదంటే నమ్మడానికి అతనేం చెవిటివాడు కాదు.

అప్పుడు కృప చేసిన పని చూడండి. డిస్కు నీళ్లలో పడింది, ఆమె అందరికంటే దగ్గరగా ఉంది. ఇంకేం ఆలోచించలేదు. ఇరవై ఏళ్లు మళ్లలో చేసిందీ, రెండేళ్లు చెరువులో చేసిందీ అదే కదా. చీర దోపుకుని, ఒక అడుగు లోపలికి వేసి, వంగి తీసింది. బురద కడిగింది. కొంగుతో తుడిచింది. దేవిదాస్ చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చింది.

"థాంక్స్" అన్నాడతను. రెండేళ్లలో మొదటిసారి అన్నాడు!

తర్వాత ఆ డిస్కును చంకలో పెట్టుకుని, చెయ్యి పైకెత్తి, వెనక్కి తిరిగి కేక వేశాడు.

"శివా! జర ఇటు రా. నా డిస్కు కృప తీసింది. గిది పెనాల్టీ గదా?"

శివప్రసాద్ పొదల్లోంచి వచ్చి, ఫోన్ తీసి, నియమం చదివాడు. ఒకరి డిస్కు పడ్డ చోటు నుంచి ఇంకో ఆటగాడు కావాలని కదిపితే, కదిపినవాళ్లకు రెండు విసుర్లు కలపాలి.

"సారీ అమ్మా. రూల్ అలా ఉంది" అన్నాడు. అతని తప్పేమీ లేదు, ఉన్నది చదివాడు.

కృపకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లంతా భగ్గుమంది. రెండేళ్లు! రెండేళ్లలో ఎన్ని వందల డిస్కులు ఈ చేత్తోనే తీసి కడిగి ఇచ్చింది! పాదం గీత దాటకూడదని చెప్పినవాడు, నీళ్లలో పడితే ఒక విసురు కలుస్తుందని చెప్పినవాడు, ఈ ఒక్క ముక్క చెప్పలేదే! పోనీ మరిచిపోయాడనుకుందాం. ఆమె వంగుతుంటే పది అడుగుల దూరంలో నిలబడి "ఆగు, ముట్టుకోకు" అనొచ్చు కదా. అనలేదు. తీసేదాకా చూశాడు. కడిగేదాకా చూశాడు. తుడిచి ఇస్తే తీసుకుని, అప్పుడు చెయ్యెత్తాడు.

అయినా కృప ఏడవలేదు. కొంగు దులిపి, సూటిగా అడిగింది.

"సరే పటేలా. తప్పు జేసిన, నా రెండు నాకు ఎయ్యి. మరి నీది నీళ్లల్ల పడ్డది. నీ ఒకటి నువ్వు ఏస్కో."

దేవిదాస్ చూపు తిప్పుకున్నాడు.

"నీళ్లల్ల యాడ? అంచు మీదనే ఉండె."

"అంచు మీద ఉంటే నేనెందుకు దిగుత? నా కాళ్లు సూడు. గీ కొంగు సూడు, తడి అయింది."

"డిస్కుకు బురద ఉంటే కడిగినవ్. గందుకే తడి అయింది."

శివప్రసాద్ ఇద్దరి మొహాలూ చూశాడు. ప్రవళికను అడిగాడు. ఆ పిల్ల చెట్టు చాటున ఉంది, పడ్డప్పుడు చూడలేదు. చూడలేదని నిజమే చెప్పింది, చెప్పి తల దించుకుంది. డిస్కు పడ్డ చోట లేదు కాబట్టి, ఎవరూ చూడలేదు కాబట్టి, ఆటగాడి మాటే తీసుకోవాలన్నాడు శివప్రసాద్. ఆటగాడు ఎవరు? దేవిదాస్ అట. మరి కృప ఎవరు?

అసలు కడుపు మండే సంగతి ఇదే. ఆమె రెండు ఆమెకు, అతని ఒకటి అతనికి పడి ఉంటే, పదిహేడో బుట్ట అయ్యేసరికి ఇద్దరూ సమానంగా ఉండేవాళ్లు. ఆమె డిస్కు తీసి ఇవ్వడం వల్ల ఆమె తప్పు కాగితమెక్కింది, అతని తప్పు నీళ్లలో కలిసింది. ఆ తప్పును కడిగి, తుడిచి, అతని చేతికి ఇచ్చింది ఆమే.

ఇద్దరూ చెరో నాలుగు విసుర్లలో ఆ బుట్ట ముగించారు. ప్రవళిక కృప పేరు ఎదురుగా ఆరు వేసింది. ఇప్పుడు ఆమె ఒక విసురు వెనక.

పద్దెనిమిదోది చెరువు కట్ట వెంబడి ఉంటుంది. పోటీ చూడ్డానికి వచ్చిన జనం అక్కడే నిలబడి ఉన్నారు, కర్ర ఊతంగా ఇమ్మానుయేలు కూడా. కృప మొదటి విసురు చూసి కట్ట మీద జనం ఊపిరి బిగబట్టారు. అది గాలిని ఆనుకుని, వెళ్లి వెళ్లి, బుట్టకు ముప్పై అడుగుల దూరంలో పడింది. దేవిదాస్ మూడు విసుర్లలో ముగించాడు, అక్కడి నుంచి ఆమె ఒక్కదాంట్లో వేస్తే మళ్లీ సమానం. ఆమె నిలబడి, గాలి చూసుకుని, నారు కట్ట వదిలినట్టే వదిలింది. గొలుసులు గల్లుమన్నాయి. డిస్కు బుట్ట అంచు మీద నిలబడింది. ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత బయటికి ఒరిగి నేల మీద పడింది.

ఆమె మూడు, అతను మూడు. ఒక్క విసురుతో దేవిదాస్ గెలిచాడు.

చప్పట్లు కొట్టారు. కొందరు ఆమెక్కూడా కొట్టారు. "రెండో ప్లేసు అంటే మాటలా కృపా!" అన్నాడు దేవిదాస్, భుజం తట్టబోయి ఎందుకో ఆగిపోయాడు. శాలువ కప్పారు. కొబ్బరికాయ కొట్టినాయన ఈసారి కూడా పావుగంట కోసం వచ్చాడు. తండా నుంచి వచ్చిన పెయింటర్ ఫూల్‌సింగ్, బోర్డు కింద స్టూలు వేసుకుని, డబ్బా మూత తీసి, కుంచె తడిపి కూర్చున్నాడు. బోర్డు ఉన్న గేటు పద్దెనిమిదో బుట్టకు ఎదురుగానే, కట్ట దిగువన ఉంటుంది.

"ఫొటో తర్వాత రాద్దాం" అన్నాడు దేవిదాస్. బాన్సువాడ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు, విసురుతున్నట్టు ఒక ఫొటో కావాలన్నాడు. దేవిదాస్ కట్ట మీద నిలబడి, చెరువు వెనక వచ్చేలా, ఒళ్లు తిప్పి విసిరాడు. గెలిచిన చెయ్యి కదా, కొంచెం ఎక్కువే ఊపుగా విసిరింది. ఆ ఎర్ర డిస్కు గాలికి వంగి, గిరగిరా వెళ్లి, చెరువులో పడింది. ఒడ్డు నుంచి ఇరవై అడుగుల లోపల, తూటికాడల పక్కన పడి, అంచు ఒక్కటి పైకి కనబడుతూ నిలిచింది. గెలిచిన డిస్కు అదే.

అలవాటు ఎక్కడికి పోతుంది. దేవిదాస్ వెనక్కి తిరగకుండానే కేక వేశాడు.

"కృపా! జర తియ్యవే."

ఇరవై నాలుగు మంది ఆటగాళ్లూ, ఊరి జనమూ, కొబ్బరికాయ కొట్టినాయనా అందరూ కృప వైపు చూశారు. ఆమె శాలువ మడతపెట్టి ఇమ్మానుయేలు చేతికిచ్చింది. మెల్లగా నడిచి కట్ట అంచుకు వచ్చింది. చీర దోపుకోలేదు.

"అందరు ఒక్కసారి ఇటు సూడుండ్రి" అంది, గొంతు పెంచి. "గా చిప్ప యాడున్నది? నీళ్లల్ల ఉన్నదా, అంచు మీద ఉన్నదా? ఇప్పుడే సూసి చెప్పుండ్రి. మళ్ల సూడలేదనొద్దు."

 ఏం జరుగుతోందో సగం మందికి తెలియదు. తెలిసిన శివప్రసాద్ బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

"నీళ్లల్ల ఉన్నది" అంది ప్రవళిక. గట్టిగానే అంది. "నీళ్లల్లనే ఉన్నది కృపక్కా."

"ఉన్నది గదా. మరి నేను ముట్ట. నేను ముట్టుకుంటే రెండు పడతయి. నీ చిప్ప నువ్వే తీస్కో పటేలా."

దేవిదాస్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. చుట్టూ చూశాడు, ఎవరైనా దిగుతారేమోనని. ఎవరూ దిగలేదు. ఇమ్మానుయేలు కర్ర మీద రెండు చేతులూ ఆనించి, సినిమా చూస్తున్నట్టు తీరిగ్గా నిలబడ్డాడు. చివరికి దేవిదాస్ వంగి బూట్లు విప్పాడు, మేజోళ్లు విప్పాడు, ప్యాంటు మడిచాడు. నీళ్లలో అడుగు పెట్టాడు. రెండో అడుగుకు మోకాలి దాకా బురదలోకి దిగిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఆ చెరువులో కాలు పెట్టడం అదే మొదలు. కృపకు కూడా, ఒడ్డు మీద తను పొడి కాళ్లతో నిలబడి, పటేలు ఇంటి మనిషి బురదలో తడుముకోవడం చూడటం అదే మొదలు.

నీళ్లు కదిలి డిస్కు మునిగిపోయింది. అతను ఇటూ అటూ తడుముతున్నాడు.

"గాడ కాదు. ఎడమకు. ఇంక జర ఎడమకు" అని కృప చెప్పింది. చెప్పడం నియమం ప్రకారం తప్పు కాదు, అది ఆమెకు తెలుసు.

దొరికింది. అతను దాన్ని పట్టుకుని, నడుం దాకా తడిసి, బురద మొహంతో నిటారుగా నిలబడ్డాడు. అప్పుడే కట్ట దిగువ నుంచి ఫూల్‌సింగ్ గొంతు వినబడింది. పాపం, అతనికి ఇవేమీ తెలియవు. కుంచె ఎండిపోతోందన్నదే అతని బాధ.

"పటేలా, పేరు రాయాల్నా? ఎవ్వరి పేరు?"

 దేవిదాస్ చేతిలోని డిస్కు నుంచి నీళ్లు కారుతున్నాయి. అందరూ చూస్తున్నారు. అతను కృప వైపు చూశాడు, ఆమె ఏదైనా అంటే బాగుండునన్నట్టు.

కృప అంది.

"రాయి ఫూల్‌సింగన్నా. దేవిదాస్ అనే రాయి. మంచిగ పెద్దగ రాయి. బస్సుల పోయేటోళ్లకు గది ఉత్త పేరే. గేటుల కెళ్లి రోజు వచ్చి పోయేది గాయన. రోజు సదువుకుంటడు."

గేటు తాళంచెవి నడుం నుంచి తీసి ప్రవళిక చేతిలో పెట్టింది. మొదటి బుట్ట దగ్గర విడిచిన చెప్పులు వేసుకుని, మొగుడిని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.